సీపీయూ ఖాళీగానే ఉంది, మాట మాత్రం తెగుతోంది

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే అక్కడే ఆపండి.

భీమవరంలో రొయ్యల మేత సరఫరా చేసే సంస్థ మీది. చెరువుల రైతులకు 24 గంటలూ సలహా చెప్పే ఫోను సేవ నడుపుతున్నారు. కాల్స్‌ను కలిపి నడిపే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేరు వాడుతున్నారు. ఎంత రద్దీ ఉన్నా ఏకకాలంలో 30 కాల్స్ దాటవు. రెండు సాకెట్లు, మొత్తం 16 కోర్లు ఉన్న ఒక సర్వరు మీద వీఎంవేర్ పెట్టి, ఏడు వర్చువల్ మిషన్లు, అంటే ఒకే పెట్టెలో విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేరు కంప్యూటర్లు, నడుపుతున్నారు. అకౌంట్లు, గోడౌను లెక్కలు, సీసీ కెమెరాల రికార్డింగు, ఫోను అన్నీ అందులోనే. పగటిపూట మాట అప్పుడప్పుడు గరగరమని ముక్కలవుతోంది. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య మాత్రం రెండు మూడు సెకన్లు పూర్తిగా నిశ్శబ్దం. గ్రాఫు చూస్తే సీపీయూ 12 శాతం దాటడం లేదు. ఎవరో చెప్పారని ఫోను మిషన్‌కు ఉన్న రెండు వీసీపీయూలను, అంటే దానికి కేటాయించిన వర్చువల్ సీపీయూలను, ఎనిమిది చేశారు. జబ్బు తగ్గకపోగా పెరిగింది. ఇక విడిగా ఒక సర్వరు కొనమంటారా అని అడిగారు.

కొనవద్దు. కనీసం ఈ నెలలో కొనవద్దు. మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. రెండూ సర్వరు చాలకపోవడం వల్ల వచ్చినవి కావు. అందుకే ఎనిమిది చేసినా నయం కాలేదు.

మన గోదావరి డెల్టాలో దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు తక్కువైన ఏడాది వంతుల వారీగా వదులుతారు కదా. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలోకి వదిలిన నీటిని ఆయకట్టు ఎకరాలతో భాగిస్తే కాగితం మీద అందరికీ సరిపోయినట్టే కనిపిస్తుంది. మొగల్తూరు వైపు శివారు రైతును అడగండి, సరిపోయిందో లేదో చెబుతాడు. చేను బీటలు తీశాక పారిన నీరు కూడా ఆయన వాటా లెక్కలోనే పడుతుంది, పంట మాత్రం పోతుంది. మీ 12 శాతం గ్రాఫు ఆ కాగితం లెక్క. మీ ఫోను మిషన్ శివారు చేను. దానికి ఎంత సీపీయూ అందిందన్నది కాదు, అడిగిన క్షణంలో అందిందా లేదా అన్నదే చూడాలి.

ఈ క్షణం ఎంత చిన్నదో లెక్క వేద్దాం. మాటను అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. మీరు వాడేది జి.711 కోడెక్, 1972 నాటి ప్రమాణం. సెకనుకు 8000 నమూనాలు, ఒక్కొక్కటి 8 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. దాన్ని 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, ఒక్కో తునకను ఒక ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు. ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, దాని మీద చిరునామాలు, వరుస సంఖ్యలు 40 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక కాల్‌కు రెండు కొసలు, ఒకటి రైతుది, రెండోది మీ ఉద్యోగిది. ఒక్కో కొస నుంచి 50 వస్తాయి, అటు 50 పోతాయి. అంటే ఒక్క కాల్ కోసం మీ మిషన్ సెకనుకు 200 ప్యాకెట్లను ముట్టుకుంటుంది, 30 కాల్స్‌కు 6000. ఈథర్నెట్ తొడుగులన్నీ కలిపినా ఒక్కో మాట ఒక్కో దిశలో 87 కిలోబిట్లు, ముప్పయ్యీ కలిపితే 2.6 మెగాబిట్లు. ఒక మంచి సీసీ కెమెరా ఒక్కటే అంత తింటుంది. బరువు లేదు. కానీ ఆ ఆరు వేలలో ప్రతి ఒక్కదానికీ తనదైన ఘడియ ఉంది.

అవతల ఫోనులో జిట్టర్ బఫర్ అని ఒక చిన్న తొట్టి ఉంటుంది. ప్యాకెట్లు కాస్త ముందూ వెనకా వచ్చినా అందులో నిలవబెట్టి సమంగా వినిపిస్తుంది. ఆ తొట్టి లోతు కొన్ని పదుల మిల్లీసెకన్లు. అంతకంటే ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ వచ్చినా రానట్టే, పారేస్తారు. తొట్టిని లోతు చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. చేస్తే మాటకు మాటకు మధ్య ఎడం పెరుగుతుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతుంటారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జి.114 సిఫారసులో ఒక దిశకు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదని చెప్పింది. ఆ 150లోనే ఫోను, టెలికాం లైను, మీ స్విచ్చు, మీ సర్వరు అందరూ సర్దుకోవాలి.

ఇప్పుడు పగటి జబ్బుకు వద్దాం. వర్చువల్ మిషన్లకు కోర్లు పంచే సాఫ్ట్‌వేరును, మీ దగ్గర వీఎంవేర్‌ను, హైపర్‌వైజర్ అంటారు. అది చేసేది కాలువ మీద లస్కరు పని. ఏడు మిషన్లు కోర్ల కోసం వరుసలో నిలబడితే ఎవరి తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో అది నిర్ణయిస్తుంది. మీ మిషన్‌కు పని ఉండి, కోరు దొరకక నిలబడిన సమయాన్ని వీఎంవేర్‌లో రెడీ టైమ్ అంటారు. నిర్వహణ తెరలో ఇది 20 సెకన్లకు ఒక మొత్తంగా కనిపిస్తుంది. అక్కడ 200 మిల్లీసెకన్లు అని ఉంటే ఒక్క శాతం అన్నమాట. ఒక్క శాతమే కదా అని సర్వరు చూసుకునే ఉద్యోగి మిమ్మల్ని చూసి నవ్వుతారు. అకౌంట్ల మిషన్‌కు నిజంగానే అది లెక్క కాదు. కానీ ఆ 200 మిల్లీసెకన్లు 20 సెకన్లంతటా చిలకరించినట్టు వచ్చాయా, ఒక్కచోటే ముద్దగా వచ్చాయా అన్నది ఆ సంఖ్య చెప్పదు. ముద్దగా వస్తే వరుసగా పది ప్యాకెట్లు ఆలస్యం. పది ప్యాకెట్లంటే ఒక అక్షరం కాదు, ఒక మాట. రైతు "పీహెచ్ ఏడున్నర" అంటే మీ ఉద్యోగికి "ఏడు" ఒక్కటే వినిపించవచ్చు. ఆ అర పాయింటు తేడాతో చెప్పిన సలహా ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకొక మోసం ఉంది. లినక్స్‌లో టాప్ కమాండ్ వేస్తే చివర ఎస్‌టి అనే అంకె కనిపిస్తుంది, పక్కవాళ్లు ఎత్తుకుపోయిన సమయం. అది సున్నా ఉందని రాశారు. వీఎంవేర్ మామూలుగా ఆ లెక్కను లోపలి మిషన్‌కు చెప్పదు, కాబట్టి ఆ సున్నాకు అర్థం లేదు. లినక్స్‌లోనే ఉండే కేవీఎం అనే హైపర్‌వైజర్ మీద నడిచేవారికైతే ఆ అంకె నిజంగా పనికొస్తుంది. మీరు చూడాల్సింది హోస్టు, అంటే అసలు సర్వరు, మీద ఈఎస్ఎక్స్‌టాప్ అనే సాధనం. అందులో ఫోను మిషన్‌ను విడదీసి ఒక్కో వీసీపీయూ వరుసా విడిగా చూడండి. విడదీయకపోతే ఎనిమిదింటి రెడీ శాతాలనూ కూడి ఒకటే అంకె చూపిస్తుంది, ఊరికే భయపడతారు.

ఆ తెరలోనే పక్కన కోస్టాప్ అనే అంకె ఉంటుంది. రెండును ఎనిమిది చేస్తే ఎందుకు పాడైందో అది చెబుతుంది. ఒక మిషన్‌లోని వీసీపీయూలన్నీ ఇంచుమించు కలిసి నడుస్తున్నట్టు లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ నమ్ముతుంది. ఒకటి కోరు దొరికి పరుగెత్తి, మరొకటి దొరకక వెనకపడితే, ముందున్నదాన్ని హైపర్‌వైజర్ కావాలని ఆపుతుంది, వెనకది అందుకునేదాకా. ఇద్దరు మనుషులు బస్సులో సీట్లు వెతుక్కోవడం వేరు, ఎనిమిది మంది పెళ్లివారు పక్కపక్కనే కూర్చోవాలని పట్టుబట్టడం వేరు. పైగా 16 కోర్లు రెండు సాకెట్ల మీద ఎనిమిదేసి చొప్పున ఉన్నాయి. మీ ఎనిమిది వీసీపీయూలు ఒక సాకెట్ మొత్తాన్ని అడుగుతున్నాయి, అక్కడ మిగిలిన ఆరు మిషన్లతో పోటీ తప్పదు. కోడెక్ మార్పిడి లేని 30 కాల్స్‌కు రెండు వీసీపీయూలు ధారాళంగా చాలు. ఎనిమిది అని చెప్పినవారు వెబ్ సర్వర్ల అలవాటుతో చెప్పి ఉంటారు, దురుద్దేశం ఉండదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. 2009 ప్రాంతంలో కాకినాడలో ఒక కార్యాలయానికి ఆస్టరిస్క్ పెట్టాను, వర్చువల్ మిషన్ మీదే. అప్పట్లో కాన్ఫరెన్సు గది నడవాలంటే డాడీ అనే డ్రైవరు కావాలి, దానికి సెకనుకు వెయ్యి గడియారపు టిక్కులు కావాలి. వర్చువల్ మిషన్‌లో వెయ్యి టిక్కులు నిలకడగా రావడం అప్పుడు కలలో మాట. రోజూ ఉదయం 11 గంటలకు కాన్ఫరెన్సులో అందరి గొంతులూ బ్యాటరీ అయిపోయిన రేడియోలా సాగేవి. మూడు వారాలు లైను వాళ్లతో గొడవపడ్డాను. చివరికి తేలిందేమిటంటే అదే సర్వరు మీద ఇంకొక మిషన్‌లో సరిగ్గా 11కి యాంటీవైరస్ తనిఖీ మొదలవుతోంది. లైను వాళ్లకు క్షమాపణ చెప్పడానికి ఒక పూతరేకుల పెట్టె ఖర్చయింది. ఇప్పుడు ఆ బాధ చాలావరకు లేదు. ఆస్టరిస్క్ లినక్స్ ఇచ్చే టైమర్‌ఎఫ్‌డితో తన గడియారం తానే నడుపుకుంటుంది, కాన్ఫ్‌బ్రిడ్జ్ అనే కొత్త కాన్ఫరెన్సు భాగం వచ్చాక కాన్ఫరెన్సులకు డాడీ అక్కర్లేదు. అయినా గడియారం చూసే మిషన్‌నే నిద్రపుచ్చితే ఏ గడియారం ఏం చేస్తుంది?

అక్కడినుంచి తెల్లవారుజాము జబ్బుకు వస్తాను. నన్నడిగితే మీకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

మీరు ప్రశ్నలో రాయలేదు కానీ పందెం కాస్తాను, మీ బ్యాకప్పులు రాత్రి 3 గంటలకు మొదలవుతాయి. ఎక్కడైనా అంతే. ఆ వేళ ఎవరూ పనిచేయరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదన్నది అందరి లెక్క. మేత కంపెనీకి మాత్రం ఆ లెక్క తలకిందులు. రాత్రంతా చెరువులో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుందే తప్ప ఇవ్వదు, కాబట్టి నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందే. రొయ్య పైకి తేలితే రైతు గట్టు మీదనుంచి ఫోను చేసేది ఆ గంటలోనే. ఏరియేటర్లు తిరుగుతుండగా కరెంటు పోయిందా, ఒకేసారి పదిమంది చేస్తారు. మీ సేవకు అసలైన పరీక్ష జరిగే సమయాన్నే బ్యాకప్‌కు కేటాయించారు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముందుగా మిషన్‌కు స్నాప్‌షాట్ తీస్తుంది, అంటే ఆ క్షణానికి ఉన్న స్థితిని అలాగే నిలిపి పెడుతుంది. తీసే క్షణంలో మిషన్‌ను కాసేపు బిగపడుతుంది. మెమరీతో సహా తీయమని పెట్టి ఉంటే ఆ కాసేపు బాగా సాగుతుంది. అసలు దెబ్బ చివర్లో ఉంది. బ్యాకప్ నడుస్తున్నంతసేపూ కొత్త రాతలన్నీ పక్కనొక ఫైలులోకి పోతాయి. పని అయ్యాక దాన్ని అసలు డిస్కులో కలపాలి. కలపడం పూర్తిచేయడానికి మిషన్‌ను మళ్లీ ఆపుతుంది. డిస్కు ఊపిరి సలపకుండా ఉంటే ఆ ఆపడం ఎక్కువసేపు పడుతుంది. మీ సీసీ కెమెరాల మిషన్ అదే డిస్కుల మీద రాత్రింబగళ్లు రాస్తూనే ఉంది. రెండు సెకన్లు ఎక్కడినుంచి వచ్చాయో ఇక వెతకనక్కర్లేదు.

రెండు సెకన్లంటే ఒక్కో దిశలో వంద ప్యాకెట్లు. కాల్ మాత్రం తెగదు, ఎందుకంటే కాల్‌ను కలపడానికి, ముగించడానికి వాడే సిప్ అనే పద్ధతి పెళ్లి పురోహితుడి లాంటిది, మొదట్లో ముడివేస్తుంది, విడిపోయేటప్పుడు పిలిస్తే వస్తుంది, మధ్యలో కాపురం ఎలా ఉందో చూడదు. అందుకే మీ కాల్ చిట్టాలో ఆ కాల్స్ అన్నీ సవ్యంగా జరిగినట్టే ఉంటాయి. రైతు "హలో, హలో" అని విసిగి తనే పెట్టేస్తాడు, చిట్టాలో మామూలుగా ముగిసిన కాల్‌గా నమోదవుతుంది. మిషన్ మేలుకోగానే పేరుకుపోయిన ప్యాకెట్లన్నీ గేట్లెత్తిన వరదలా ఒక్కసారి బయటపడతాయి, అవతలి జిట్టర్ బఫర్ వాటిలో చాలావాటిని పారేస్తుంది.

నా మాట నమ్మి మార్చేయకండి, ముందు కొలవండి. సులభమైన పరీక్షతో మొదలుపెట్టండి. సర్వరు ఉన్న స్విచ్చుకే తగిలించిన ఒక డెస్కు ఫోను నుంచి హోల్డు సంగీతం పెట్టుకుని వినండి. మామూలు కాల్‌లో ఆస్టరిస్క్ వచ్చిన ప్యాకెట్‌ను అటు తోస్తుంది అంతే. హోల్డు సంగీతానికి మాత్రం 20 మిల్లీసెకన్ల తాళం తనే వేయాలి. అది తడబడితే టెలికాం లైనును తిట్టే పని లేదు. ఆస్టరిస్క్ కన్సోల్‌లో టైమింగ్ టెస్ట్ అనే ఆదేశం కూడా ఉంది. సెకనుకు 50 టిక్కులు వచ్చాయా అని చెబుతుంది. ఒకసారి కొట్టి 50 వచ్చిందని వదిలేయకండి. రోజంతా నిమిషానికొకసారి నడిచేలా పెట్టి చూడండి. లోపల సైక్లిక్‌టెస్ట్ అనే చిన్న సాధనం నడిపితే నిద్రలేపమన్న క్షణానికీ లేచిన క్షణానికీ మధ్య ఆలస్యం ఎంతో అది రాస్తుంది. సగటు చూడకండి, అత్యధికం చూడండి. అక్కడ 20 మిల్లీసెకన్లు దాటిన అంకె కనిపిస్తే జబ్బు దొరికినట్టే.

అనుమానం లేకుండా తేలాలంటే స్విచ్చులో సర్వరు పోర్టును మిర్రర్ చేసి, అంటే అందులో పోయేదాని నకలు మరో పోర్టుకు వచ్చేలా పెట్టి, ఒక ల్యాప్‌టాప్‌తో ప్యాకెట్లు పట్టి వైర్‌షార్క్ అనే సాధనంలో ఆర్‌టీపీ, అంటే మాటను మోసే ప్యాకెట్ల, విశ్లేషణ చూడండి. టెలికాం వైపునుంచి వచ్చే ప్యాకెట్లు 20, 20, 20 అని సాఫీగా వస్తూ, సర్వరునుంచి బయటికి పోయేవి 20, 20, 180, 0, 0, 0 అని పోతుంటే నేరం ఎవరిదో తేలిపోతుంది. ఈ పట్టడం సర్వరు లోపల చేయవద్దు. నిద్రలో ఉన్నవాడిని దొంగ ఎప్పుడు వచ్చాడని అడిగినట్టుంటుంది.

రికార్డింగులు విని "అన్నీ బాగానే ఉన్నాయి" అని మీరు రాసినదానికి ఒక మాట. రికార్డింగుకు సమయంతో పని లేదు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను కూడా తెచ్చి వరుసలో అతికిస్తుంది. కాబట్టి ఫైలు బాగున్నంతమాత్రాన కాల్ బాగున్నట్టు కాదు. ఉద్యోగుల ఫిర్యాదునే నమ్మండి.

ఇక మార్పులు. ఫోను మిషన్‌ను స్నాప్‌షాట్ బ్యాకప్‌లోంచి పూర్తిగా తీసేయండి. వేళ మార్చడం కాదు, తీసేయడమే. ఆస్టరిస్క్ అమరికలు కొన్ని ఫైళ్లు, వాటితోపాటు ఒక డేటాబేసు. రాత్రికొకసారి లోపలినుంచే వాటి నకలు తీసి ఇంకొకచోటికి పంపితే చాలు. మిషన్ మొత్తం పోయినా ఆ ఫైళ్లతో గంటలోపు మళ్లీ నిలబెట్టవచ్చు. నిలబెట్టగలరో లేదో ఒక ఆదివారం చేసి చూసుకోండి, అది వేరే విషయం. మిగిలిన మిషన్ల బ్యాకప్‌ను మధ్యాహ్నానికి జరపండి. అకౌంట్ల వారు గొణుగుతారు, గొణగనివ్వండి. కుదిరితే ఫోను మిషన్ డిస్కును కెమెరాల మిషన్‌తో పంచుకోని ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి.

ఆ తరువాత ఎనిమిదిని తిరిగి రెండు చేయండి. ఆ రెండింటికీ సీపీయూను పూర్తిగా రిజర్వ్ చేయండి, మెమరీ కూడా మొత్తం రిజర్వ్ చేయండి, లేకపోతే హోస్టుకు ఇరుకు వచ్చిన రోజున హైపర్‌వైజర్ మీ మిషన్ లోపల బెలూను అనే డ్రైవరును ఊది, దాని మెమరీని లాక్కుంటుంది. వీఎంవేర్‌లో లేటెన్సీ సెన్సిటివిటీ అనే అమరిక 2013లో 5.5 వెర్షనుతో వచ్చింది. దాన్ని హై అని పెడితే, ఆ రిజర్వేషన్లు రెండూ పూర్తిగా ఉన్నప్పుడు, ఆ వీసీపీయూలకు సొంత కోర్లు దక్కుతాయి. పక్కవారెవరూ వాటి మీదికి రారు. శివారు చేనుకు నేరుగా ప్రధాన కాలువనుంచి సొంత తూము పెట్టినట్టే. కేవీఎం వాడేవారు ఇదే పనిని వీసీపీయూలను కోర్లకు కట్టేసి, ఆ కోర్లను హోస్టు మిగతా పనులనుంచి వేరుచేసి సాధిస్తారు. 16 కోర్లలో రెండు అచ్చంగా వదలాలా అని మీ యాజమాన్యం అడుగుతుంది. విడి సర్వరు ధర పక్కన పెట్టి చూపించండి, మాట్లాడరు.

లోపల రియల్‌టైమ్ కెర్నల్, అంటే పనికి వేళకు స్పందించేలా మార్చిన లినక్స్ మూలభాగం, వేస్తే ఇవన్నీ అక్కర్లేదా అని కూడా అడిగారు. ఆ మార్పులు 2024 చివర్లో వచ్చిన లినక్స్ 6.12తో అసలు కెర్నల్‌లోనే కలిశాయి, మంచి పని. మీకు మాత్రం ఇప్పుడు అది పనికిరాదు. కాలువలోకి నీళ్లే రానప్పుడు చేలో బోదె పూడిక తీసి ఏం లాభం? లోపల చేయగలిగింది ఒకటే, ఆస్టరిస్క్‌ను పై ప్రాధాన్యంతో మొదలుపెట్టడం. దానికి ఉన్న ఆప్షన్ చాలు.

చిన్నవి రెండు మూడు ఉన్నాయి, గబగబా చెబుతాను. నెట్‌వర్కు కార్డు రకం ఇంటెల్ ఈ1000 అని ఉంటే వీఎంఎక్స్‌నెట్3కి మార్చండి. మొదటిది పాత కార్డును అనుకరించే నటన, సెకనుకు 6000 చిన్న ప్యాకెట్ల దగ్గర ఆ నటనకే సీపీయూ పోతుంది. సర్వరు బయాస్‌లోనూ హైపర్‌వైజర్‌లోనూ కరెంటు పొదుపును తీసేసి పూర్తి పనితీరు అని పెట్టండి. రాత్రి కాల్స్ తక్కువగా ఉన్నప్పుడు కోర్లు గాఢనిద్రలోకి జారి, ప్రతి ప్యాకెట్‌కూ ఒళ్లు విరుచుకుని లేస్తుంటాయి. కాల్ రికార్డింగులు మామూలు వేవ్ రూపంలో నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు. ముప్పయ్యీ నేరుగా డిస్కుకు రాయకుండా, కాల్ నడుస్తున్నంతసేపూ మెమరీలోని తాత్కాలిక ఫోల్డరులో రాసి, ముగిశాక డిస్కుకు తరలించండి. మధ్యలో సర్వరు పడిపోతే అప్పుడు నడుస్తున్న కాల్స్ రికార్డింగులు పోతాయి, ఆ నష్టం నేనైతే ఒప్పుకుంటాను. ఉద్యోగుల ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్చు యూపీఎస్ మీద ఉందో లేదో కూడా చూసుకోండి. ఊళ్లో కరెంటు పోయిన నిమిషంలోనే కదా మీకు కాల్స్ వరద. అప్పుడే జనరేటరు అందుకునేదాకా మీ స్విచ్చు చీకట్లో కూర్చుంటే పైన చెప్పినదంతా దండగ.

విడి సర్వరు ఎప్పుడు కొనాలి? మీకు పాత పద్ధతి ఈ1 లైను, 30 మాటలు మోసే ఆ తీగ, నేరుగా కార్డు ద్వారా సర్వరులోకి వస్తుంటే కొనాలి. ఆ కార్డులు సెకనుకు వెయ్యి ఇంటరప్టులు, అంటే సీపీయూను వెయ్యిసార్లు తట్టి పిలవడం, అడుగుతాయి. వాటిని పాస్‌త్రూలో, అంటే హైపర్‌వైజర్‌ను దాటించి నేరుగా, వర్చువల్ మిషన్‌కు అప్పగించి నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను, మళ్లీ ఆ జోలికి పోలేదు. అప్పుడు కూడా పెద్ద సర్వరు అక్కర్లేదు. ఈ1ను సిప్‌గా మార్చే చిన్న గేట్‌వే పెట్టె చాలు, ఆస్టరిస్క్ ఉన్నచోటే ఉంటుంది. మీకు నెట్‌వర్కు మీదే కాల్స్ తెచ్చే సిప్ ట్రంకే ఉందన్నారు కాబట్టి అదీ లేదు. రెండో సందర్భం, హోస్టు మీ చేతిలో లేకపోవడం. ఎవరి దగ్గరో చవకగా అద్దెకు తీసుకున్న వర్చువల్ మిషన్‌లో పక్కన ఎవరున్నారో మీకు తెలియదు, రిజర్వేషన్ అడిగితే ఇవ్వరు. క్లౌడ్‌లోనూ క్రెడిట్ల మీద నడిచే చవక రకాలు ఉంటాయి, కాసేపు వేగంగా నడిచి క్రెడిట్లు అయిపోగానే నడక మొదలుపెడతాయి. వెబ్‌సైటుకు భేషుగ్గా ఉంటాయి, మాటకు పనికిరావు. దూరాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. ఫైబరులో కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు, కాబట్టి హైదరాబాదులో ఉన్న సర్వరైనా తీగ చుట్టుతిరిగి పోయినా కొద్ది మిల్లీసెకన్ల ఖర్చే. పొరుగు మిషన్ చేసే హాని దూరం చేయదు.

ముందు బ్యాకప్ ఒక్కటే మార్చి మూడు రాత్రులు చూడండి. తెల్లవారుజాము నిశ్శబ్దం పోవాలి. అది తేలాకే వీసీపీయూల జోలికి వెళ్లండి. రెండూ ఒకేరోజు మారిస్తే ఏది దేనికి మందో ఎప్పటికీ తెలియదు. మార్చడానికి ముందూ తరువాతా సైక్లిక్‌టెస్ట్ అత్యధిక అంకె, ఒక్కో వీసీపీయూ రెడీ శాతం రాసిపెట్టుకుని ఇక్కడ పెట్టండి, చూస్తాను.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఎనిమిదిని రెండు చేయగానే సర్వరు మీద ఆరు వీసీపీయూలు ఖాళీ అయినట్టు కనిపిస్తాయి. వారం తిరగకుండా ఎవరో ఒకరు వచ్చి, ఖాళీ ఉంది కదా, బయోమెట్రిక్ హాజరుకు ఒక మిషన్ పెట్టండి అంటారు. పెట్టండి, తప్పు లేదు. కానీ పెట్టిన మర్నాడు డెస్కు ఫోను ఎత్తి హోల్డు సంగీతం మళ్లీ ఒకసారి వినండి.